సాయంత్రపు చెయ్యి

కార్ఖానాలో అందరూ ఆవిడను కత్తెరక్క అంటారు. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అదే పిలుపు పిలుస్తారు. యూనిఫారాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆవిడ పని గుడ్డ కత్తిరించడం. మందపాటి గుడ్డను కరెంటు కత్తి వంపుల దగ్గర నలిపేస్తుంది కాబట్టి చంకలూ మెడలూ చేత్తోనే కత్తిరించాలి. పొద్దున్న పెద్ద కత్తెర అందుకుంటే భోజనానికి ఒకసారి, ఇంటికెళ్ళేటప్పుడు ఒకసారి కింద పెడుతుంది. మధ్యలో పెట్టిందంటే సూపర్‌వైజర్ అటువైపు రానేవస్తాడు. ఆ సమయానికే ఎలా వస్తాడో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇంత గాడిద చాకిరీ చేసే మనిషికి ఒక పిచ్చి ఉంది. పిస్టల్ కాలుస్తుంది. ఎవరి మీదో పగ తీర్చుకోవడానికి కాదు లెండి. గాలి ఒత్తిడితో పేలే పిస్టల్‌తో, కాగితం మీద అచ్చేసిన నల్లటి గుండ్రాన్ని కాలుస్తుంది. చాలా ఏళ్ళ క్రితం షూటింగ్ క్లబ్బు వాళ్ళ చొక్కాల కొలతలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు, అక్కడి కోచ్ సరదాకి ఒకసారి పట్టుకోమని ఇచ్చాడు. ఆ సరదా ఇప్పటికీ వదల్లేదు. పని అయ్యాక రోజూ సాయంత్రం ఒక గంట క్లబ్బులో నిలబడుతుంది. ఆ గంటలో ఆవిడను ఎవరూ ఏమీ అడగరు. చంక బిగుతుగా వచ్చిందని అనరు, కూరలో ఉప్పు తగ్గిందని అనరు. రోజు మొత్తంలో ఆవిడకు తనదంటూ ఉన్నది ఆ గంట ఒక్కటే.

ఆ గంటకే ఇప్పుడు ఎసరొచ్చింది.

ఏళ్ళ తరబడి వాడిన క్లబ్బు పిస్టల్ పాడైపోయి మూలన పడింది. దాని పిడి ఎందరి చేతుల్లోనో అరిగి అరిగి ఎవరికైనా సరిపోయేది. దాని బదులు వచ్చిన కొత్త పిస్టల్ పిడి మాత్రం ఎవరో బండ చేతుల మగాణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని చెక్కినట్టుంది. పట్టుకుంటే కత్తెరక్క చూపుడు వేలి కొస మాత్రం అందుతుంది. ఆ కొసతో ట్రిగ్గర్ లాగితే గొట్టం పక్కకు జరుగుతుంది, గుండు గుండ్రానికి ఎడంగా పోయి తగులుతుంది. వారాల తరబడి అదే వరస.

"ట్రయల్స్ దగ్గరికొచ్చేశాయమ్మా" అన్నాడు కోచ్ ఒక సాయంత్రం, కాగితం వెలుతురుకు పట్టి చూస్తూ. ఆయన మాట మెత్తనే కానీ నిర్ణయం మారదు. "ఇలాగే ఉంటే క్లబ్బు టీంలో నీ చోటు వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదు. టీంలో లేనివాళ్ళకి సాయంత్రాలు ఇవ్వకూడదని కమిటీ వాళ్ళు రూలు పెట్టారు. నా చేతుల్లో ఏం లేదు."

"పిడి సరిపోవట్లేదు సార్."

"అయితే సరిపోయేది చేయించుకో."

చెప్పడం ఎంత తేలికో. దుకాణంలో దొరికిన చిన్న సైజు పిడి కొని చూసింది. బొటనవేలి మొదట్లో ఒరుసుకుని తోలు లేచిపోయింది. చివరికి ఎవరో చెప్తే, తుపాకులకు చెక్క పనులు చేసే ముసలాయన దగ్గరికి ఒక ఆదివారం వెళ్ళింది. ఆయన కొట్టు నిండా చెక్క పొట్టే, ఆయన మీసాల్లో కూడా. పెద్ద పిడిని బాగా తరిగి, మీద మెత్తటి పుట్టీ మెత్తి, ఆవిడ చేతికి నూనె రాసి, అందులో చెయ్యి పెట్టి గట్టిగా పట్టుకోమన్నాడు. పుట్టీ ఆరాక చేతి అచ్చు దిగుతుంది. ఆ తర్వాత ఆకురాయితో, గరుకు కాగితంతో నునుపు చెయ్యడమే.

"ఇక చూసుకో తల్లీ, నీ చెయ్యి నీకే ముద్దొస్తుంది" అన్నాడు.

ఆ ఆదివారం పట్టి చూస్తే నిజంగానే ముద్దొచ్చింది. సోమవారం సాయంత్రం క్లబ్బులో పట్టుకుంటే వేళ్ళు గాడుల్లో కూచోలేదు. ఎక్కడో నొక్కుకుంటోంది, ఎక్కడో తోస్తోంది. గుండు ఈసారి పైకి పోయింది. మళ్ళీ ఆదివారం ముసలాయన దగ్గరికి పోతే అక్కడ చక్కగా సరిపోయింది. "బానే ఉందిగా" అని ఆయన విసుక్కున్నాడు. లేదు బాబాయ్ అని ఈవిడ మొత్తుకుంటే మళ్ళీ పుట్టీ మెత్తాడు, మళ్ళీ అచ్చు తీశాడు. మళ్ళీ సోమవారం అదే కథ. ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఆయనకు ఈవిడ చాదస్తం మనిషిలా కనిపించింది, ఈవిడకు ఆయన చూపు ఆనదనిపించింది. ఇద్దరూ మర్యాదస్తులు కాబట్టి ఆ మాట పైకి అనుకోలేదు.

ఆవిడ మొగుడు బస్సుల డిపోలో మెకానిక్. ఇంటికొచ్చి కూచుంటే లేచే ఓపిక ఆయనకూ ఉండదు.

"ఆ పిడి మీద పెట్టే శ్రద్ధలో సగం నా మీద పెడితే నేనెప్పుడో బాగుపడేవాణ్ణి" అన్నాడు, చొక్కాకు అంటిన గ్రీజు గోకుతూ.

"మీకు పుట్టీ మెత్తినా లాభం లేదండీ" అంది ఆవిడ, నవ్వు రాకుండానే. "మానేద్దామనుకుంటున్నా. ఒళ్ళు హూనమైపోతోంది. ఇంకా ఎవరికోసం ఇది?"

ఆయన గోకడం ఆపాడు. "మానేస్తే ఆ గంట ఏం చేస్తావ్?"

ఆ రాత్రి గిన్నెలు తోముతున్నంతసేపూ ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరిగింది.

తర్వాతి ఆదివారం ముసలాయన ఊళ్ళో ఉండనన్నాడు. అందుకని ఆవిడ మధ్యలో ఒకరోజు పని దిగాక, క్లబ్బుకు పోకుండా, నేరుగా కొట్టుకు వెళ్ళింది. ఆయన పిడి చేతికిచ్చాడు. ఆవిడ పట్టుకుంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒంగి చూశాడు. అరచెయ్యి గాడి అంచు దాటి ఉబ్బి ఉంది. వేళ్ళ కణుపులు గాడుల్లో దిగనే లేదు.

"ఇది నీ చెయ్యేనా?" అన్నాడు.

"మరి ఎవరిది బాబాయ్?"

"ఆదివారం వచ్చే చెయ్యి ఇది కాదు. అది సన్నగా, కుదురుగా ఉంటుంది. ఇది వాచింది, వణుకుతోంది కూడా. రోజూ ఇలాగే ఉంటుందా?"

కత్తెరక్క తన చేతిని తానే ఎరగనట్టు చూసుకుంది. పొద్దుటి నుంచి కత్తెర పట్టిన చెయ్యి. బొటనవేలి కింద కత్తెర ఉంగరం ఒత్తిన ఎర్రటి గుర్తు ఉంది. ప్రతిరోజూ ఆ చెయ్యి ఆ వేళకు అలాగే ఉంటుందని ఆవిడకు తెలుసు, కానీ దాన్ని తన చెయ్యిగా ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. అలసట తీరాక మిగిలేదే తన చెయ్యి అనుకుంది. అలసట తీరిన రోజు ఆదివారం ఒక్కటే అయితే, వారమంతా ఈ చెయ్యి మోస్తున్నది ఎవరన్నట్టు? నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని, "దీనికే అచ్చు తియ్యి బాబాయ్" అంది.

ఆ పిడి కుదిరింది. సాయంత్రపు చెయ్యి అందులోకి తలుపు తీసుకుని సొంత ఇంట్లోకి వెళ్ళినంత తేలిగ్గా వెళ్ళింది. గుళ్ళు నల్లటి గుండ్రం నడుమ గుంపుగా పడుతున్నాయి. కోచ్ కాగితాలు చూసి తల ఊపాడు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయన దగ్గర ఎవరికీ దొరకదు. ఎన్నాళ్ళకో ఆవిడ ఆదమరచి నిద్రపోయింది.

ట్రయల్స్ ఆదివారం పొద్దున పెడతారు. ఆ సంగతి ఆవిడకు తెలియక కాదు, సంబరంలో తట్టలేదంతే. ఆ పొద్దున కాఫీ తాగి, ట్రయల్స్ కోసమని క్లబ్బు నుంచి ఇంటికి తెచ్చుకున్న పిస్టల్ సంచీలో పెట్టబోతూ ఒకసారి పట్టుకుంది. పిడి లోపల చెయ్యి కదిలింది. రాత్రంతా హాయిగా పడుకున్న చెయ్యి, వాపు తీసిన చెయ్యి. తోలు ముక్క చుట్టి చూసింది, జారింది. ముసలాయన కొట్టు మూసి ఉంటుంది. తెరిచినా పుట్టీ ఆరేదాకా ట్రయల్స్ ఆగవు. ఆవిడ మంచం అంచున కూలబడింది.

"ఏమైంది?" అన్నాడు మొగుడు.

చెప్పింది. ఆయన విని, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. డిపోలో అరిగిన భాగాలు చూసినంత శ్రద్ధగా చూశాడు.

"ఇంకా ఎంత టైముంది?"

"పది దాటితే గానీ నా వంతు రాదు."

"అయితే పద. వాచ్‌మన్ నాకు తెలిసినవాడే."

సెలవు రోజు కార్ఖానా బోసిగా ఉంది. మెషీన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. కత్తెరక్క తన బల్ల దగ్గర నిలబడి, చిత్తుగుడ్డల మూటలోంచి మందపాటి ముక్కలు లాగి, కత్తెర అందుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. చంకలు, మెడలు, వంపులు. ఎవరికీ అక్కర్లేని చొక్కాలకు. మొగుడు స్టూలు మీద కూచుని, తెగిన ముక్కలు ఏరి పక్కన పెడుతూ, మధ్యమధ్య ఆవిడ అరచెయ్యి చూసి "ఇంకాస్త" అంటున్నాడు. బొటనవేలి కింద ఎర్రటి గుర్తు నెమ్మదిగా లేచింది. వేళ్ళు బరువెక్కాయి. ఆవిడ సంచీలోంచి పిస్టల్ తీసి పట్టుకుని చూసింది. సందు లేకుండా కూచుంది.

క్లబ్బులో ఆవిడ వంతు వచ్చేసరికి చేతికి అలవాటైన వణుకు కూడా వచ్చేసింది. ఆ వణుకు ఎప్పుడు తగ్గుతుందో, ఏ క్షణంలో లాగాలో ఆవిడకు ఏళ్ళుగా తెలుసు. లాగింది. అన్నీ అయ్యాక కోచ్ కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు.

"చోటు నీదేనమ్మా" అన్నాడు. ఆవిడ మెడ మీద చెమట చూసి, "సెలవే కదా, ఏంటిలా అలిసిపోయావ్?" అని అడిగాడు.

"పని చూసుకుని వచ్చాను సార్."

బయట మొగుడు బండి స్టార్ట్ చేసి ఎదురుచూస్తున్నాడు. ఆవిడ వెనక కూచుని వాచిన చెయ్యి ఆయన భుజం మీద వేసింది. సంతోషంగానే ఉంది. ఉన్న ఒక్క సెలవూ పోయిందన్న దిగులు కూడా ఆ సంతోషం పక్కనే ఉంది, రెంటిలో ఏదీ రెండోదాన్ని జరగమనడం లేదు.

"అసలు పోటీ ఎప్పుడు?" అన్నాడు ఆయన.

"వచ్చే నెల. అదీ ఆదివారం పొద్దున్నే" అంది ఆవిడ. "వాచ్‌మన్‌కి ఇప్పుడే చెప్పి ఉంచండి."