పాట దగ్గర మూగబోయిన లైవ్

లాక్‌డౌన్‌లు ముగిసిన మరుసటి ఏడాది. శంషాబాద్‌లో నాది చిన్న వీడియో స్టూడియో. పెళ్లిళ్లు తీయడం, ఎడిటింగ్ చేయడం, అడిగినవాళ్లకు ఆన్‌లైన్ లైవ్ పెట్టడం నా పని. ఒకరోజు తొండుపల్లి దారిలోని చర్చి పాస్టర్ గారు భార్యతో కలిసి స్టూడియోకి వచ్చారు. క్యాబ్ డ్రైవర్లు, ఎయిర్‌పోర్టులో క్లీనింగ్ చేసేవాళ్లు వెళ్లే చర్చి అది. లైవ్ వాళ్లే సొంతంగా పెట్టుకుంటారు.

"అన్నా, నేను వాక్యం జెప్పేటప్పుడు మంచిగనే ఇనవడుతది. పాట రాంగనే సౌండ్ బంద్ అయితది. జర సూడు" అన్నారు పాస్టర్ గారు.

ఆయన పరేషాన్ అంతా లక్ష్మమ్మ అనే పెద్దావిడ గురించి. పక్షవాతంతో మంచాన పడిన ఆమెకు మాట పోయింది. కానీ ఆదివారం కూతురు ఫోన్‌లో లైవ్ పెడితే, తనకిష్టమైన ఒక పాటకు మాత్రం గొంతు కలిపేదట.

"ఒరిజినల్ పాట పెట్టి సూసిండ్రన్నా. ఇంటది గాని పాడది. మావోళ్ల గొంతులుంటెనే పాడతది. నెలసంది నోరే తెరుస్తలేదు" అంది పాస్టరమ్మ.

వాళ్ల వీడియోలు తెరిచాక సంగతి అర్థమైంది. పెన్‌డ్రైవ్‌లో ఆ పాట తాలూకు మ్యూజిక్ ట్రాక్ వేసి దానిమీద పాడుతున్నారు. పట్టుబడకుండా స్కేలు కాస్త మార్చారు. కింద "దేవుని మహిమ కొరకు మాత్రమే, కాపీరైట్ ఉద్దేశం లేదు" అని రాశారు. నాకు నవ్వాగలేదు.

"అట్ల రాస్తే ఏం గాదన్నరు" అన్నారు పాస్టర్ గారు చిన్నబుచ్చుకుని. "అయినా దేవుని పాటకు ఓనర్ ఏందన్నా?"

"మీ చర్చి ప్లాట్ల ఎవడన్న దేవుని పేరు జెప్పి షెడ్డేస్తే ఊకుంటరా అయ్యగారూ?"

ఆయన నవ్వలేదు గానీ పాస్టరమ్మ నవ్వేసింది.

ఆరాధనలో పాడుకుంటే చట్టం అడ్డు రాదు, నెట్‌లో ఎక్కించడం వేరు అని చెప్పాను. అక్కడ మెషీన్ ట్రాక్‌ను పోల్చుకుంటే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది, సౌండ్ పోతుంది. ఓనరే ఫిర్యాదు చేస్తే అది స్ట్రైక్. మూడు పడితే ఛానెలే పోతుంది. పైగా పదాలు, బాణీ ఒకరివి కావచ్చు, రికార్డింగ్ ఇంకొకరిది కావచ్చు. పాట మార్చుకోండి అంటే నా పని తేలిగ్గా అయిపోయేది. లక్ష్మమ్మ సంగతి విన్నాక అనలేకపోయాను.

పాట రాసినాయన ఆచూకీ పట్టుకుని మెయిల్ పంపాను. చాలా రోజులు జవాబు లేదు. "పెద్దమనిషి, మనకేం జవాబిస్తడు" అని పాస్టర్ గారు ఆశ వదులుకున్నారు. అప్పుడు పాట రాసినాయనే ఫోన్ చేశారు.

"పదాలూ బాణీ నావేనండి, ఎవరికీ రాసివ్వలేదు. మీ లైవ్‌లో నిరభ్యంతరంగా పాడుకోండి, నా పేరు వేయండి. ట్రాక్ మాత్రం కంపెనీది, దాని జోలికి వెళ్లకండి." ఫోన్ పెట్టేసే ముందు, "ఇన్నేళ్లలో నన్నడిగి పాడుతున్నది మీరే బాబూ" అన్నారు. ఫోన్‌లో చెప్పిందంతా మెయిల్‌లో కూడా రాసి పంపారు.

ట్రాక్ తీసేసరికి సంఘం పాట చెల్లాచెదురైంది. ఇన్నాళ్లూ దాని వెనకాలే నడిచారు మరి. ఒక డ్రైవరు ఢోలక్ తెచ్చాడు. మొదటి ప్రాక్టీసు విని నేను తల పట్టుకున్నాను. ఆడవాళ్లు పట్టు వదల్లేదు. డ్యూటీ నుంచి యూనిఫామ్‌లోనే వచ్చి పాడారు.

తర్వాతి ఆదివారం లైవ్ నేనే పెట్టాను. పాట మొదలవగానే క్లెయిమ్ పడుతుందేమోనని స్క్రీన్‌నే చూస్తూ కూర్చున్నాను. క్లెయిమ్ రాలేదు, సౌండ్ ఆగలేదు. ఆరాధన అయిపోయాక లక్ష్మమ్మ కూతురు పాస్టరమ్మకు ఫోన్ చేసింది.

"అక్కా, మీరు ఆఖరి చరణం ఇడిసిపెట్టిండ్రు. అమ్మ ఇడువలే. మీ పాట అయిపోయినా ఆమె పాడుతనే ఉండె."

స్పీకర్‌లో ఆ మాట విని పాస్టర్ గారు ముఖం తుడుచుకున్నారు. నాకూ కళ్లు తడిశాయి. కాపీరైట్ అనగానే పాట తీసేయమని చెప్పడమే నా పని అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు, "రాసినాయన్ని అడిగిండ్రా?" అంటున్నాను.