బండ మీద తిరిగిన లాప్‌టాప్

2022 వేసవి. ఆబిడ్స్ పెద్ద రోడ్డు నుంచి నాంపల్లి స్టేషన్ వైపు తిరిగే సందులో, ఒక పాత కాంప్లెక్స్ మొదటి అంతస్తులో నా రిపేరు గది. ఒక కిటికీ, ఒక ఫ్యాను, షాబాద్ బండ పరిచిన పొడవాటి గట్టు. ఇరవై ఏళ్లుగా ఆ గట్టు మీదే లాప్‌టాప్‌లు విప్పుతున్నాను. కింద మెట్ల పక్కన గోపాల్ సేట్ గారి పెద్ద కంప్యూటర్ షాపు. నా గది కూడా ఆయనదే.

నేను బడికి వెళ్లినదాన్ని కాను. చిన్నప్పుడు గుండెలో ఏదో లోపం ఉందని డాక్టర్లు ఇల్లు కదలొద్దన్నారు. అక్షరాలూ లెక్కలూ అమ్మ నేర్పింది. నాన్న ఇంటికి తెచ్చి బాగుచేసే రేడియోల దగ్గర కూర్చుని టంకం పెట్టడం నేర్చుకున్నాను. కంప్యూటర్లు మాత్రం ఎవరో పారేసినవి విప్పి, పాడుచేసి, మళ్లీ విప్పి నేర్చుకున్నవే. గోడకు తగిలించుకునే సర్టిఫికెట్ నాకు లేదు. ఆ చోట వేంకటేశ్వరస్వామి పటం ఉంది. పొద్దున్నే దీపం పెట్టి, "నా చేత్తో ఎవరికీ కీడు జరగనివ్వకు తండ్రీ" అని దండం పెట్టుకున్నాకే స్క్రూడ్రైవర్ ముట్టుకుంటాను. విప్పిన స్క్రూలు అమ్మ పోపుల డబ్బాలో, ఏ మూలవి ఆ గిన్నెలో వేస్తాను. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో పడిందా, బోర్డుకు చిల్లే.

ఆ రోజు పది గంటలకు అండాలు వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. నల్లగొండ జిల్లా నేతవాళ్లమ్మాయి. చీరల డిజైన్లు గళ్ల కాగితం మీద గీసే రోజుల నుంచి లాప్‌టాప్‌లో గీసే రోజుల దాకా వచ్చిన మనిషి. భుజాన ఒక సంచి, చేతిలో ఒక సూట్‌కేసు.

"అక్కా, సాయంత్రం ముంబై బండి ఉన్నది నాకు. ఎల్లుండి పొద్దున గాడ పెద్ద గిరాకీ ముందట డిజైన్లు చూపియ్యాలె. పద్దెనిమిది ఇండ్లోళ్ల పని దీన్ల ఉన్నది. ఫైల్ తెర్వాలంటె చాయ్ తాగి రావొచ్చు, గంత టైం తీస్కుంటది. జర ఉరికెటట్టు జెయ్యి."

అడిగింది న్యాయమైన పనే. లోపల పాతకాలపు హార్డ్‌డిస్క్ ఉంది. అది పళ్లెంలా తిరుగుతూ చదువుతుంది. దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేస్తే, తిరిగే భాగమే లేదు కనుక, వేగం పెరుగుతుంది. రైలు కుదుపులకూ భయం ఉండదు. పాతదానిలో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదానిలోకి ఎత్తుకోవడాన్ని క్లోనింగ్ అంటాం. రెండు గంటల పని. ర్యామ్ కూడా ఒకటి జత చేద్దామనుకున్నాను. ముందు జాగ్రత్తగా డిజైన్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాత లాప్‌టాప్ ఆపి అడుగు మూత విప్పాను.

బ్యాటరీ పూరీలా పొంగి ఉంది.

"మౌస్‌లా ఒత్తే పలక పని చేస్తోందా అమ్మా?" అన్నాను.

"ఒత్తుకుంటలేదక్కా, నెల ఐతంది. మూత గూడ సక్కగ పడ్తలేదు. మగ్గానికి కట్టే బరువు రాయి ఉంటది గదా, రాత్రి గా రాయి దీని మీద పెట్టి పండుకున్న. పొద్దుగాల్లకు జర అణిగింది."

ఉబ్బిన లిథియం బ్యాటరీ మీద రాయి! దాన్ని నొక్కినా, గుచ్చినా, వంచినా అంటుకోవచ్చు. అంటుకుంటే నీళ్లు చల్లినంత మాత్రాన ఆగే మంట కాదది. ఆ ఇంటిని ఏ దేవుడు కాపాడాడో, ఆయనకు నా నమస్కారం.

"ఈ బ్యాటరీ తీసేస్తాను" అన్నాను.

"గట్లెట్ల? ఆర్నెల్ల కిందనే ఏపిచ్చిన. కింద సేట్ దగ్గర్నే. గ్యారంటీ గూడ ఇచ్చిండు." వెంటనే ఫోన్ చేసింది. సేట్ గారు మెట్లెక్కి వచ్చారు. వెనకాల ఆయన షాపులోని ఇద్దరు గిరాకీలు కూడా తమాషా చూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఆయన వంగి చూసి నవ్వారు. "ఏందమ్మా, గింత దానికి పరేషాన్ జేస్తున్నవ్? ఎండకాలం. జర ఉబ్బుతయ్. మూత ఒత్తి స్క్రూలు బిగియ్యి. ముంబై నుంచి వచ్చినంక నేనే మారుస్త."

"బిగించనండీ."

"ఏందీ?"

"ఈ బ్యాటరీ లోపల పెట్టి నా చేత్తో మూత బిగించను."

అండాలు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అక్కా, నా మెషిన్. కాల్తే నాదే కాల్తది. బిగిచ్చియ్యి, నీ కాళ్లు మొక్కుత."

"రైల్లో దీన్ని ఎక్కడ పెడతావమ్మా?"

"సూట్‌కేస్ల, బట్టల నడుమ. బెర్తు కింద."

"ఆ బెర్తు పైన నువ్వొక్కదానివే పడుకుంటావా? మధ్య బెర్తులో ఎవరో, పై బెర్తులో ఎవరి తల్లో. వాళ్లను అడిగావా?"

ఆ పిల్ల సూట్‌కేసు వైపు చూసింది. సేట్ గారు అందుకున్నారు.

"ఓ బిడ్డా, ఈమె బడి మెట్టెక్కలే. పోపుల డబ్బా ముందటేస్కొని ఇంజనీర్ లెక్క మాట్లాడ్తది. ఈమె మాట పట్టుకొని బండి ఇడ్సుకుంటవా? నా మాల్‌ల ఫరక్ లేదు. నువ్వు రాయి పెట్టినవ్, గందుకే ఉబ్బింది." అని నా వైపు తిరిగారు. "చూడమ్మా, నా గిరాకీని బెదిరిస్తె ఊకోను. యాదుంచుకో, ఈ గది నాది. నువ్వు కూసున్న బండ గూడ నాదే."

నాకు కోపం రాదనుకుంటారు చాలామంది. వస్తుంది. అప్పుడు గొంతు తగ్గిపోతుంది, అంతే.

"ఉబ్బడం ముందా, రాయి పెట్టడం ముందా సేట్ గారూ? మూత పడకపోతేనే కదా ఆ అమ్మాయి రాయి పెట్టింది. ఇదే రకం బ్యాటరీ ఉన్న లాప్‌టాప్ ఇంకొకటి ఉందా మీ దగ్గర? ఎవరూ రాయి పెట్టనిది?"

"నా సొంతదాన్లనే ఉన్నది! ఏడాదాయె. రోజు స్కూటర్ మీద ఇంటికి తీస్కపోత. తెస్త, చూడు." ధీమాగా కిందికెళ్లి, తన లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చారు.

మా అమ్మ కొత్త పెనం కొనేటప్పుడు కొట్లో గచ్చు మీద పెట్టి వేలితో తిప్పి చూసేది. అడుగు చదునుగా ఉంటే కదలనని మొరాయిస్తుంది. నడుమ పొంగి ఉంటే గిర్రున తిరుగుతుంది. అట్టు ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉంటుంది, అది వద్దు అనేది. నాకు వచ్చిన చదువు ఇది.

ముందు నా లాప్‌టాప్ మూసి బండ మీద పెట్టాను. మూలను వేలితో మెల్లగా తోశాను. జానెడు జరిగి ఆగిపోయింది. "బండ చదునుగా ఉంది, చూశారుగా" అన్నాను. తర్వాత సేట్ గారిది తీసుకుని పెట్టాను. అదే వేలు, అదే తోపు.

అది తిరిగింది. ఒక చుట్టు, రెండో చుట్టు, ఆపైన ఇంకో సగం.

గుమ్మంలో ఒకాయన "అరె, బొంగరం లెక్క తిరుగుతుందిరా భాయ్" అన్నాడు.

"బండనే వంకర ఉన్నది" అన్నారు సేట్ గారు.

"బండా మీదే సేట్ గారూ. తిరిగిందీ మీదే."

ఆయన తన లాప్‌టాప్ తీసుకుని దిగిపోయారు. గది పోతే ఈ వయసులో ఎక్కడ వెతుక్కోను? ఒక్కసారి పటం వైపు చూసి, పనిలో పడ్డాను.

బ్యాటరీ వైరు ఊడదీసి, పట్టి ఉంచిన స్క్రూలు తీసి, దాన్ని గుచ్చకుండా, వంచకుండా ఎత్తాను. డాబా మీద, నీడపట్టున, పొడి ఇసుక పోసిన ఇనప బకెట్ ఎప్పుడూ ఉంచుతాను. అందులో పడుకోబెట్టి వచ్చాను. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేశాను. క్లోనింగ్ అయ్యేసరికి రెండు దాటింది. అండాలు తెచ్చుకున్న సద్ది ఇద్దరం పంచుకున్నాం.

ఆ మోడల్ లాప్‌టాప్ బ్యాటరీ లేకుండా చార్జర్ మీదే నడుస్తుంది. అన్నీ అలా నడవవు. చెప్పవలసినవన్నీ ఆ అమ్మాయి చేతే కాగితం మీద రాయించాను. ప్లగ్గు ఊడితే ఆ క్షణమే ఆరిపోతుంది, కనుక అయిదు నిమిషాలకోసారి సేవ్ చెయ్యాలి. రైల్లో ప్లగ్గు వదులుగా ఉంటుంది, అక్కడ పని పెట్టుకోకు. కొత్త బ్యాటరీ వేశాక కూడా, మూత మూసినంత మాత్రాన లాప్‌టాప్ ఆగినట్టు కాదు. అది కునుకు తీస్తుంటుంది, బట్టల మధ్య వేడెక్కుతుంది. షట్‌డౌన్ చేసి, దీపం ఆరాకే సంచిలో పెట్టాలి. లాప్‌టాప్ భుజం సంచిలో ఉంటే పెన్‌డ్రైవ్ ఒంటి మీద ఉండాలి. ఒక దొంగకు రెండూ దొరకకూడదు.

"నువ్వు మా అత్త కన్న గట్టిదానివక్కా" అంది అండాలు, కాగితం మడిచి జాకెట్‌లో పెన్‌డ్రైవ్ పక్కన పెట్టుకుంటూ. స్టేషన్‌కు నడిచి వెళ్లిపోయింది.

అయిదు కావొస్తుండగా మెట్ల మీద అడుగులు. సేట్ గారు. ఈసారి లాప్‌టాప్ చంకలో లేదు. కాగిన గిన్నెను మోసినట్టు రెండు చేతులతో ఒంటికి దూరంగా పట్టుకున్నారు.

"విప్పమ్మా" అన్నారు. "ఇంట్ల దీన్ని మనవరాలు ఒళ్లె పెట్టుకొని బొమ్మలు చూస్తది."

అయినా నేను చెయ్యి చాపలేదు. "జాగ్రత్తగా ఈ బండ మీద పెట్టండి. మొదట మీ షోకేసులో ఉన్న ఆ రకం బ్యాటరీలన్నీ దింపండి. కొన్నవాళ్లకు ఫోన్లు చెయ్యండి. ఆ తర్వాత విప్పుతాను."

"నాకే షర్తులు పెడ్తున్నవా? నా గదిల కూసోని?"

"ఔనండి."

ఆయన కిటికీలోంచి కిందికి తొంగి చూసి షాపులోవాళ్లను కేకేశారు, ఆ పెట్టెలన్నీ దించమని. దించే చప్పుడు విన్నాకే నేను పోపుల డబ్బా తెరిచాను.

పది రోజులకు అండాలు వచ్చింది, ముంబైలో కొన్న అసలు కంపెనీ బ్యాటరీతో. "చూపిచ్చెటప్పుడు మూడు సార్లు ప్లగ్గు ఊడిందక్కా! సేవ్ కొట్టుకుంటనే ఉన్న, ఒక్క గడి పోలే. పద్దెనిమిది ఇండ్లల్ల పదకొండు ఇండ్లకు పని దొర్కింది. మిగిలినోళ్ల కోసం మల్ల పోత" అంది.

సేట్ గారు నన్ను గదిలోంచి పంపలేదు. మెచ్చుకోనూ లేదు. ఇప్పటికీ ఎదురుపడితే "ఏం ఇంజనీర్" అంటారు, దెప్పుతున్నారో పలకరిస్తున్నారో తెలియకుండా. ఆయన మనవరాలు అప్పుడప్పుడు పైకొచ్చి పోపుల డబ్బాలో స్క్రూలు లెక్కపెడుతుంది. ఆ పిల్లను చూసినప్పుడల్లా మా అమ్మకు, ఆమె పెనానికి దండం పెట్టుకుంటాను.

ఈ పనిలో గిరాకీ అడిగిందల్లా చేసేవాడే మంచి మెకానిక్ అని మా కాంప్లెక్స్‌లో అంటారు. నేను ఒప్పుకోను. మనం బిగించిన మూత ఎవరి బెర్తు కిందికో వెళ్తుంది. ఆ మనిషి మనల్ని ఎప్పుడూ చూడడు, మన సర్టిఫికెట్ అడగడు. అతని తరఫున కాదనే నోరు మన గదిలో మనదొక్కటే. అందుకే ఇప్పుడు ఎవరు ఏ లాప్‌టాప్ తెచ్చినా, ఎంత తొందరలో ఉన్నా, ముందు దాన్ని బండ మీద పెట్టి మెల్లగా తిప్పుతాను. తిరిగిందా, బ్యాటరీ తీసేదాకా కూర్చోమంటాను.