మా తమ్ముడి రాజు వేషం

మా తమ్ముడు కాలేజీలో ఇంగ్లీషు నాటకాలు చెప్పేవాడు. ఎప్పటివో పాత నాటకాలు, రాజులూ కత్తులూ. ఏటా పిల్లల చేత వేయించేవాడు గానీ తానెప్పుడూ వేషం కట్టలేదు. నాకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా వంటింటి గుమ్మంలో నిలబడి వాడు రాజు మాటలు చెప్తుంటే పొయ్యి తగ్గించి వినేదాన్ని. గొంతంటే వాడిదే గొంతు.

వాడు పిల్లల ప్రాణం తోడేసేది మాటల దగ్గర కాదు, ఆగాల్సిన చోట. "కూతురు చచ్చిపోయినవాడు గబగబా వాగుతాడట్రా? జనం ఇబ్బందిగా కదిలేదాకా ఆగు. అప్పుడు నోరు తెరువు" అని అరిచేవాడు.

వాడు రిటైరయ్యాక పాత శిష్యుడొకడు వెతుక్కుంటూ వచ్చాడు. ఇప్పుడు అద్దాల మేడలో పెద్ద నాటకాల సంస్థ నడుపుతున్నాట్ట. "సార్, ముసలి రాజు మీరే వెయ్యాలి" అన్నాడు. ఒక్కసారైనా ఆ మాటలు నిండు హాల్లో చెప్పాలని మావాడికి జన్మంతా ఆశ. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు వెర్రినాగన్న.

అక్కడంతా కొత్త పద్ధతి. అందరి మాటలూ ముందే రికార్డు చేసి పెట్టుకుంటారు. రాజు మాటలు శిష్యుడే చదివేశాడు.

"నేనుండగా అదెందుకురా?"

"ఎవరైనా మర్చిపోతే పరువు పోతుంది కద సార్. మీకు అవసరం రాదులెండి."

ఆట రోజు ముందు వరసలో కూర్చున్నా. చివర్లో కూతురి శవం పక్కన కూలబడ్డాడు మా తమ్ముడు. ఆగాడు. ఎవరో దగ్గారు, కుర్చీలు కిర్రుమన్నాయి. ఇంకా ఆగాడు. అప్పుడు ఊపిరి పీల్చి నోరు తెరిచాడు. అంతే, పైన స్పీకర్లలోంచి రికార్డులోని శిష్యుడి గొంతు ఖంగున మోగింది.

మావాడు పైకి చూశాడు. తర్వాత ఆ గొంతుకి తగ్గట్టు పెదవులు కదిపాడు. చప్పట్లే చప్పట్లు.

"మర్చిపోయారనుకుని హడలిపోయాను సార్. సమయానికి కాపాడాను" అన్నాడు శిష్యుడు, లోపల మేకప్ గదిలో.

"మర్చిపోయింది నువ్వురా దద్దమ్మా! నీకు వీడు నేర్పిందేవిటి?" అని నేను అందుకున్నా.

"ఊరుకో అక్కా" అన్నాడు మావాడు, కిరీటం తీస్తూ.

ఆ వీడియో ఫోన్లన్నిట్లో తిరిగింది. మొన్న మేమిద్దరం కూరలు తెచ్చుకుని వస్తుంటే మెట్ల మీద పక్కింటావిడ ఆపింది. "మాస్టారూ, చూశానండీ! ఏం గొంతండీ బాబూ, గుండె పిండేశారు."

ఇప్పుడైనా నిజం చెప్తాడేమోనని చూశాను. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"థ్యాంక్సండీ" అన్నాడు.