నల్ల స్క్రీను ముందు

కర్నూలులో పెళ్ళి వీడియోలు తీసే ఒక స్టూడియోలో చాలా ఏళ్ళు ఎడిటింగ్ పని చేశాను. కెమెరామన్ మెమరీ కార్డులు తెచ్చి ఇస్తే వాటిలోని వీడియోలను కంప్యూటర్లోకి ఎక్కించడం, ఏ పెళ్ళివి ఆ పెళ్ళి ఫోల్డర్లో సర్దడం, తర్వాత కత్తిరించి అతకడం. మౌసు మీద చెయ్యి పెట్టానంటే మధ్యాహ్నం అన్నానికే తీసేదాన్ని.

కోడుమూరు నుంచి వస్తుండగా నేనెక్కిన ఆటో బోల్తా పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు సగమే ముడుచుకుంటున్నాయి. డాక్టరు ఇంక ఇంతేనన్నాడు. అన్నం ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాను గానీ, ఎడమచేత్తో మౌసు మాత్రం నా మాట వినలేదు. లాగిన ఫైలు దారిలో జారిపోయి ఇంకెవరి పెళ్ళిలోనో పడేది. అది వెతకడానికే పూట గడిచిపోయేది. ఓనరు ఏమీ అనేవాడు కాదు. కానీ నా కుర్చీ వెనక వచ్చి నిలబడేవాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

అప్పుడు నాకు దారి చూపించినవాడు మా కెమెరామనే. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేదాన్ని. డిప్లొమాలో కంప్యూటర్లు చదివాడు. ఒకరోజు నా పక్కన కూర్చుని, ఊరికే దొరికే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించాడు. నల్ల స్క్రీను మీద అక్షరాలు తప్ప ఏమీ లేవు. బొమ్మల్లేవు, నొక్కడానికి బటన్లు లేవు. మూడు నిలువు వరసలు. మధ్యలో నేనున్న ఫోల్డరు, ఎడమ పక్క అది ఉన్న పెద్ద ఫోల్డరు, కుడి పక్క నేను నిలబడిన ఫైల్లో ఏముందో. ఒక అక్షరం నొక్కితే కిందికి, ఇంకోటి నొక్కితే పైకి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. కాపీకి ఒకటి, తెచ్చి పెట్టడానికి ఒకటి. మౌసుతో పనే లేదు.

“దీనికి ఒక చెయ్యి సాలు మా. నీకు యా అక్షరం అందితే ఆ అక్షరం పెట్టుకోవచ్చు” అన్నాడు.

అక్షరాలన్నీ కీబోర్డుకు ఎడమ వైపు వచ్చేటట్టు ఇద్దరం కూర్చుని మార్చాం. మొదటి వారం ఏడుపొచ్చింది. కిందికి పోవాల్సింది పైకి పోయేదాన్ని. నెల తిరిగేసరికి వేళ్ళు వాటంతటవే నడిచాయి. పెళ్ళిపేరులో రెండక్షరాలు కొడితే చాలు, వందల ఫోల్డర్లలోంచి అది వచ్చి నా ముందు నిలబడేది. కావలసినవాటికి గుర్తు పెట్టుకుంటూ పోయి, ఒక్క దెబ్బకు అన్నీ తీసుకెళ్ళి ఇంకో చోట పెట్టేదాన్ని. చెయ్యి బాగున్న రోజుల్లో కూడా అంత వేగంగా చేయలేదు. ఆ కొన్ని నెలలూ ఇంటికి పోతూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని నవ్వుకున్న రోజులున్నాయి.

ఓనరుకు మాత్రం ఆ స్క్రీను నచ్చలేదు. ఒకసారి నేను లేనప్పుడు కూర్చుని ఏదో నొక్కాడట. ఉన్న ఫోల్డరు మాయమై ఇంకోటి వచ్చేసరికి హడలిపోయి లేచాడట. అప్పటినుంచి అటు పోయినప్పుడల్లా, ఏమి చేస్తాండావో నీకే తెలియాలమ్మా అనేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ ఎండాకాలం ఆలూరు వాళ్ళ పెళ్ళి ఒకటి చేశాం. ఎడిటింగుకు కూర్చుంటే తాళి కట్టే వీడియో లేదు. ముహూర్తం తీసిన కార్డు కోసం నేను ముందే చేసిపెట్టిన ఫోల్డరు ఖాళీగా ఉంది. ఆ కార్డు నా చేతికి రానేలేదు. అదే మాట ఓనరుకు చెప్పాను. ఆయన కెమెరామన్‌ను పిలిచి అడిగాడు.

అతను నా వైపు చూడలేదు. “ఇచ్చినా సార్. ఆయమ్మ ఎక్కించుకున్యాదనుకున్యా” అన్నాడు.

ఓనరును స్క్రీను దగ్గరకు పిలిచి చూపించాను. ఫోల్డరు ఏ రోజు ఏ గంటకు చేశానో అక్కడ ఉంది, తర్వాత దాంట్లో ఎవరూ ఏదీ వేయలేదనీ, తీయలేదనీ ఉంది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసి, నాకు నలుపే కనపడతాంది గానీ ఇంకేం కనపడ్డంలేదన్నాడు. చెయ్యి సరిగా లేకుండా ఈ తిక్క స్క్రీనుతో ఏది యాడ చెరిపేసినావో అన్నాడు. స్టూడియోలో ఉన్నవాళ్ళంతా విన్నారు. కెమెరామన్ బ్యాటరీలు చార్జింగుకు పెడుతున్నాడు.

పెళ్ళికూతురి తండ్రి ఆలూరు నుంచి వచ్చాడు. గొడవ చేస్తాడని ఓనరు భయపడ్డాడు గానీ, ఆయన నెమ్మదిగా నా దగ్గరకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ముహూర్తం టైముకు వంటల కాడ ఏదో తగాదా వస్తే సర్దిచెప్పడానికి పోయాడట. తిరిగొచ్చేసరికి తాళి కట్టడం అయిపోయింది.

“నేను కంటితో సూడలేదమ్మా. వీడియోలో సూసుకుందాంలే అనుకున్యా. యాడన్నా ఒక ముక్క ఉండాదేమో సూడు తల్లీ” అన్నాడు.

ఆయన ముందరే అన్నీ వెతికాను. ఉంటే కదా. ఆయన లేచి, మంచిదిలేమ్మా అని వెళ్ళిపోయాడు. మరునాటి నుంచి ఓనరు నాకు పని ఇవ్వలేదు. రావద్దనలేదు, ఊరికే కూర్చోబెట్టాడు. వారం చూసి నేనే మానేశాను.

తర్వాత కడపలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాల వీడియోలు సర్దే పని దొరికింది. అక్కడికొచ్చి ఏడాది దాటాక, తెలిసినవాళ్ళ పెళ్ళికి పోతే, కెమెరా భుజాన వేసుకుని మా పాత కెమెరామన్ కనబడ్డాడు. అతనే నా దగ్గరకొచ్చాడు. బాగుండావా మా అన్నాడు. భోజనాల హాలు బయటికి నడిచి చెప్పాడు. ముహూర్తం కార్డును ఖాళీదనుకుని తనే ఫార్మాట్ చేసి మొత్తం తుడిచేశాడట. దాని మీదనే రిసెప్షన్ తీశాడట. తెలిసేసరికి తిరిగి తీసుకోవడానికి ఏమీ మిగల్లేదట.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నాకైతే పని పోతాదని భయమైంది. నీకు చెయ్యి బాగలేదు గదా, నిన్ను ఎవురూ ఎక్కువ అనరులే అనుకున్యా.”

నా చేతి మీద అతను చూపించిన దయ అది. ఆ దయతోనే ఒకప్పుడు నా పక్కన కూర్చుని అక్షరాలు మార్చాడు. రెండూ ఒకే మనిషి చేశాడని నమ్మడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. కనీసం ఓనరుకు చెప్పమన్నాను. ఇప్పుడెందుకులే మా, అందురూ మర్చిపోయినారు అన్నాడు. లోపల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

అందరూ మర్చిపోయారని నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎవరినో అడిగి ఆలూరాయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పుకుని, ఆ వీడియో పోయింది నా వల్ల కాదని జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. వెనక ట్రాక్టరు శబ్దం.

“ఎవురు పోగొడితే ఏముందిలేమ్మా మాకు. పోయిందయితే పోయ్యె గదా” అన్నాడు. కూతురికి మగపిల్లాడు పుట్టాడని చెప్పి, నేను అన్నం తిన్నానా అని అడిగి ఫోను పెట్టేశాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ నిజం నాకొక్కదానికే కావలసి ఉండింది. అది దొరికాక ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. మరుసటి రోజు పనికి పోతే సెంటర్ మేనేజరు నా టేబుల్ తిప్పించి, స్క్రీను గోడవైపు ఉండేటట్టు పెట్టించాడు. అడ్మిషన్లకు వచ్చే తల్లిదండ్రులు నా నల్ల స్క్రీను చూసి ఏమో అనుకుంటారట. సరే సార్ అన్నాను. గోడకూ స్క్రీనుకూ మధ్య కూర్చుని, ఎడమచేత్తో ఆరోజు పాఠాలు ఎక్కించడం మొదలుపెట్టాను.