పడమటికి వీపు పెట్టని బేసిన్

మా అత్త నీళ్లు తాగడం మానేసిందని నాకు ఆలస్యంగా తెలిసింది. అనంతపురంలో ఎండాకాలం, నోరు పిడచకట్టుకుపోయే రోజులు. చెంబు ఇస్తే పెదవులు తడిపి పక్కన పెట్టేది. ఎందుకని అడిగితే, "తాగితే పోవల్ల కదమ్మీ" అంది.

పోవాలంటే నేను ఉండాలి. మా పాత పాయిఖానా మెట్ల మీద ఉండేది. పైన రెండు రాళ్లు, కింద డబ్బా. ఆ డబ్బా ఎత్తడానికి వెనక సందులోంచి ఒకామె వచ్చేది. ఆమెకూ నడుము పోయి, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మోకాళ్లు పట్టేసిన అత్తను మెట్లెక్కించి కూర్చోబెట్టి, గోడవైపు తిరిగి నిలబడి, మళ్లీ చంకల కింద చేతులేసి లేపడం నా పని. వంట, పరుపుల్లో దూది కూరడం, వీధి కొళాయి దగ్గర బిందెల వరుస, వీటి మధ్యలో అది. అలసట నాది, సిగ్గు ఆమెది. ఏది ఎక్కువ బరువో ఇప్పటికీ చెప్పలేను.

మెట్లు తీసేసి నేలమట్టంగా పింగాణీ బేసిన్ పెట్టిద్దాం, వెనక గుంత తవ్విద్దాం అన్నాడు మా ఆయన. ఆ గది మా వంటింటి గోడకూ పక్కింటి గోడకూ మధ్య మిగిలిన సందు. తూర్పున తలుపు. అక్కడినుంచి పడమటికి పొడుగు, అడ్డం మాత్రం ఇరుకు. ఆయన పరుపులు కుట్టేవాడు. మనిషి నిలువునా పడుకుంటాడు కాబట్టి గదిని కూడా నిలువునా కొలిచి, అడ్డం కంటితో చూసి ఊరుకున్నాడు. అంగట్లో ఉన్నవాటిలోకెల్లా పొడుగైన బేసిన్ బండి మీద వేయించుకొచ్చాడు.

మేస్త్రీ దాన్ని గదిలో నిలువుగా పెట్టి చూశాడు. అడ్డంగా పట్టదు. అత్త గోడ పట్టుకుని వచ్చి చూసింది.

"దీని మీద మొగం యాపక్కకు పెట్టి కూసోవల్ల?"

"తలుపు పక్కకమ్మా," అన్నాడు మా ఆయన.

"అంటే వీపు పడమటికి."

నమాజుకు మేము తిరిగేది పడమటికే. ఆ పనికి కూర్చున్నప్పుడు అటు మొహం పెట్టకూడదు, వీపూ పెట్టకూడదు. పాత రాళ్లు అడ్డంగా వేసింది అందుకే. రోజూ వాటి మీద కూర్చున్నవాళ్లమే, ఒక్కరికీ తోచలేదు.

"రవ్వంత ఓరగా కూసో పెద్దమ్మా," అన్నాడు మేస్త్రీ.

"నా మోకాళ్లకు ఓరగా కూసోనీకి వస్తే నీ బేసిన్‌తో పనేముండాది నాయనా?"

ఆ పూట కూడా ఆమె నీళ్లు తాగలేదు.

మరునాడు నేను నులకతాడు తీసుకుని గది అడ్డం కొలిచి ఒక ముడి వేశాను. అత్తను వంటింట్లో గోడకు ఎదురుగా గొంతుకూర్చోబెట్టి, మడమల నుంచి మోకాళ్ల దాకా కొలిచి ఇంకో ముడి వేశాను.

"బతికుండంగానే పీనుగ కొలతలు తీస్తాండావే."

"కఫన్ గుడ్డకయితే ఇంత తాడు సాలదులే అత్తా."

నవ్వింది. నవ్వుతూనే మోకాలు పట్టుకుంది.

పొడుగు బేసిన్ వెనక్కిచ్చి వేరేది తేవడానికి ఈసారి మా ఆయనతో నేనూ పోయాను. అంగడాయన నా చేతిలో ముడుల తాడు చూసి, "ఏమమ్మా, బేసిన్‌కు రవిక కుట్టిస్తాండావా?" అన్నాడు. మోకాళ్ల సంగతి చెబితే, కుర్చీలాగా ఎత్తుగా ఉన్న దొరల బేసిన్ చూపించాడు. దాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. అత్త దాని మీద సుఖంగా కూర్చోగలదు. కానీ పోయిన ప్రతిసారీ తొట్టెడు నీళ్లు పోయాలట. మా బావిలో అప్పటికే బురద తేలింది. తాడు పెట్టి చూస్తే అడ్డంగా అదీ పట్టదు. మూలన ఉన్న పొట్టి బేసిన్ ఇమ్మన్నాను.

"అది పిల్లోల్లకమ్మా."

"మా గది కూడా పిల్లదే అన్నా."

దాని అంచున నీలం అక్షరాలు ఉండేవి. ఏదో మంచి మాట అయి ఉంటుందనుకునేదాన్ని. ముసలితనంలో అక్షరాలు నేర్చుకుని కూడబలుక్కుంటే తేలింది, కంపెనీ పేరు.

మేస్త్రీ దాన్ని ఉత్తరానికి తిప్పి అడ్డంగా కూర్చోబెట్టాడు. ఎదుటి గోడ మరీ దగ్గర. "తల తగులుతాది," అని గొణిగాడు. సిమెంటు ఆరాక అత్త లోపలికి పోయి, చీరతోనే కూర్చుని చూసింది. తర్వాత రెండు అరచేతులు ఆ గోడకు ఆనించి, మూలుగుతూ, నన్ను పిలవకుండా లేచింది.

మరుసటి ఉదయం అలవాటుకొద్దీ తలుపు బయట నిలబడ్డాను.

"ఈడేం పని నీకు? పో," అంది లోపలినుంచి.

ఆ మధ్యాహ్నం చెంబుడు నీళ్లు అడిగి తాగింది. ఇంకో చెంబు అడిగింది. పాయిఖానాలో పోయడానికి పొద్దున తెచ్చిన బిందె అప్పటికే ఖాళీ అయిపోయింది. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని నేను మళ్లీ కొళాయి దగ్గరికి పోయాను.