మొవ్వు గట్టిగా ఉందన్నాడు

మొన్న పలాసలో ఒక పెళ్లి విందులో కొబ్బరి మొవ్వును, అంటే చెట్టు తలలోని లేత చిగురు దుంపను, సన్నగా తరిగి, నిమ్మరసం పిండి వడ్డించారు. పక్కనున్నవాళ్లు లొట్టలేస్తుంటే నేను విస్తరి మడిచి లేచిపోయాను.

తొంభైల చివర, దసరా రోజుల్లో వచ్చిన ఆ తుఫాను మన వయసువాళ్లెవరూ మరిచిపోయేది కాదు. కంచిలి దగ్గర మా తోటలో తెల్లారేసరికి నిలబడి ఉన్నవి పదకొండు చెట్లు, అవీ తలలు మెలిపడి. కూలిన చెట్ల మొవ్వులు చీల్చుకుని పిల్లలు పండగలా తిన్నారు, అంత తీపి మరి. మళ్లీ నాటితే కాపుకి ఏడేళ్లు, అందాకా ఇంట్లో ఆరుగురం తినేదేమిటని నా లెక్క. ఆ పదకొండూ బతికితే ఉందాం, లేదంటే విశాఖ కూలికి పోదామన్నారు మా ఆయన.

మా అత్త పొద్దున్నే కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కో చెట్టు కిందా నిలబడేది. పొరుగింటాయన ఊరుకోలేక, "ఏటత్తా, సెట్లకి దిట్టి తీత్తన్నావేటి?" అంటే, "నీ కళ్లు పడకుండా రా!" అని నవ్వేది. తిండి మాత్రం సరిగా తినేది కాదు.

కార్తీకం వచ్చినా కొత్త ఆకు విచ్చలేదు. లోపల కుళ్లితే మొవ్వు పట్టి లాగగానే చేతికి ఊడి వస్తుంది. ఆ రోజు మా ఆయన పదకొండూ ఎక్కి దిగారు.

"ఏటిరా, ఊడొచ్చిసిందేటి?"

"నేదమ్మా, గట్టిగున్నాది."

ఆవిడ ముఖం విప్పారింది. తనే అన్నం వడ్డించింది. ముద్ద కలుపుతున్న కొడుకు చెయ్యి ఒక్కసారి పట్టుకుని వాసన చూసింది. ఎంత తోమినా పోని కుళ్లు కంపు అది.

"గట్టిగుంటే ఈ కంపేటి, నాయినా?"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "తిను, సల్లారిపోద్ది," అంది, అంతే. మర్నాడు గొడ్డళ్లవాళ్లకి కబురు పంపింది కూడా ఆవిడే.

ఇప్పుడు తుఫాను కబురు ముందే ఫోన్లకొస్తుంది, మనుషుల్ని లారీలెక్కించి పక్కా కట్టడాలకి చేరుస్తారు. మంచిదే. ఆ తుఫానుకి మా ఊళ్లో ఒక్క ప్రాణమూ పోలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే, అందరం బతికే ఉన్నాం, విశాఖలో తలో అద్దె గదిలో. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే మా పిల్లలు ఆ గదులున్న వీధి పేరు చెబుతారు.