గీత కదలని మలుపు

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక జనవరిలో, మేఘన అనే పరిశోధక విద్యార్థినికి నన్ను గైడ్‌గా వేశారు. కెనడాలోని విండ్సర్‌ యూనివర్సిటీలో అప్పటిదాకా నా పని కార్ల సస్పెన్షన్. ఆ అమ్మాయి తెచ్చిన అంశమేమో స్కెలిటన్ అనే మంచుబండి ఆట. ఆ బండిని తిప్పడంలో వేగం ఎంత పోతుందో తేల్చాలి. నాకిదేం గొడవ అనుకున్నాను.

బండి అంటే చిన్న ఉక్కు చట్రం, దాని కింద రెండు ఉక్కు కడ్డీలు, అంతే. దాని మీద బోర్లా పడుకుని, తల ముందుకు పెట్టి, ఐసు కాలువలో కిందికి జారిపోవాలి. స్టీరింగ్ చక్రం లేదు, బ్రేకు లేదు. భుజంతోనో మోకాలితోనో నొక్కితే చట్రం కాస్త మెలి తిరుగుతుంది, కడ్డీ ఐసును కరుస్తుంది, బండి తిరుగుతుంది. కరిచిన ప్రతిసారీ కొంత వేగం పోతుంది.

మేఘన మిల్టన్‌లో పెరిగిన పిల్ల. నేను తెలుగులో అడిగితే సగం ఇంగ్లిష్‌లో జవాబిచ్చేది. ల్యాబ్‌లో నేను ప్రొఫెసర్‌ని, గడప దాటితే ఆంటీని. తనూ ఆ ఆట ఆడుతుందని, జాతీయ జట్టులో చోటు కోసం ఎన్నాళ్లుగానో చూస్తోందని, ఈసారీ రాకపోతే ఆట మానేస్తానని మొదటి వారంలోనే చెప్పేసింది. డాక్టరేట్ ఎలాగూ వస్తుంది. తనకు కావలసింది ఆ చోటు.

చట్రానికి స్ట్రెయిన్ గేజులు అంటించాం. ఉక్కు ఎంత వంగిందో చెప్పే సన్నటి పట్టీలవి. వంపు ఎక్కువైతే తెర మీద గీత పైకి లేస్తుంది. అవి పట్టుకుని పడమటి కొండల్లోని ట్రాక్‌కి వెళ్లాం. ముందుగా జట్టులో అందరికన్నా వేగంగా జారే సీనియర్ క్రీడాకారిణి చేత కొలత తీయించాం. పెద్ద మలుపు దగ్గర ఆమె గీత అసలు లేవలేదు. వైరు ఊడిందనుకుని మళ్లీ సోల్డర్ చేశాను. రెండోసారీ అంతే. గేజే మార్చేశాను. కార్లతో బతికినదాన్ని, స్టీరింగ్ కదపకుండా మలుపు దాటడమంటే నా లెక్కలో ప్రమాదమే మరి. చివరికి ఆమే ఓపిగ్గా చెప్పింది, అక్కడ తను ఏమీ చేయదని, మలుపే బండిని తీసుకుపోతుందని.

అదే మలుపులో మేఘన గీత మూడుసార్లు లేచింది.

“ఐ నో, ఆంటీ. జస్ట్ వెయిట్ చేయాలి. బట్ మై షోల్డర్ వోంట్ లిజన్,” అంది.

ఎంపిక పోటీలో గేజులకు అనుమతి లేదు. నేను ఆ మలుపు గోడ పక్కన నిలబడ్డాను. కడ్డీ ఐసును కరిస్తే బరబరమని వినిపిస్తుంది. మేఘన బండి వచ్చింది. ఆ చప్పుడు వద్దు, వద్దు అనుకుంటూనే విన్నాను. చోటు వెంట్రుకవాసిలో చేజారింది. ఆ అమ్మాయి బండికి కవరు తొడిగి, దాని పక్కనే చాలాసేపు కూర్చుంది.

వారం తర్వాత థీసిస్ కోసం మిగిలిన కొలతలు తీశాం. మళ్లీ అదే చోట నిలబడ్డాను. ఈసారి బండి గాలి చప్పుడుతో దూసుకుపోయింది, కడ్డీ కరిచిన చప్పుడు లేదు. కిందికి వెళ్లి చూస్తే తెర మీద గీత లేవలేదు. మేఘన దాన్ని చూస్తూ ఉండిపోయింది.

“ఆంటీ, వైర్ ఊడిందేమో చెక్ చేయండి,” అంది.

తెలిసీ మీటరు పెట్టి చూశాను. వైరు బాగానే ఉంది. ఆ మలుపును తను అంత వేగంగా ఎన్నడూ దాటలేదు.

“ఒక్క వారం, ఆంటీ,” అంది.

మేఘన ఇప్పుడు డాక్టర్ మేఘన. మార్కమ్‌లో ఉద్యోగం. ఫోన్‌లో అన్నీ మాట్లాడుతుంది గానీ ఆట ఊసెత్తదు. చలికాలం పొద్దున్నే పక్కింటాయన డ్రైవ్‌వేలో ఐసు గీకుతుంటే నాకు ఆ మలుపే గుర్తొస్తుంది. ఆ పరుగు ఒక్క వారం ముందు జరిగి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

చోటు కావాలని ఉన్నన్నాళ్లూ ఆ భుజం ఆగలేదు. చోటు పోయాక ఆగింది. మా సమీకరణాల్లో బరువు, రాపిడి, గాలి అన్నీ వేశాం. కోరికను వేయలేదు. మనిషిని కొలిచే పనిలో అది కూడా వేయాలని అక్కడ నేర్చుకున్నాను. ఎలా వేయాలో మాత్రం రిటైరయ్యాక కూడా తెలియలేదు.